ఓదెలు రెండు శుక్రవారాలు

ఓదెలు సంగతి చెప్పాలంటే ముందు అతని సైకిలు బరువు చెప్పాలి. ఒక వానాకాలం గైబీ నగర్ రోడ్డు మునిగిపోయి ఆటోరిక్షాలు పడవల్లా తేలిపోయాయి. ఓదెలు సైకిలు మాత్రం స్టాండు వేసిన చోట వేసినట్టే ఉంది. నీళ్ళే దాన్ని చూసి పక్కకు తప్పుకుని పోయాయి. నేను కళ్ళారా చూశాను. నమ్మనివాళ్ళు ఆ సైకిలును ఒకసారి ఎత్తి చూడవచ్చు.

ఆ సైకిలు మీద అతను పద్దెనిమిదేళ్ళుగా సముద్రానికి పోయి వస్తున్నాడు. మిగతా మగ్గం పనివాళ్ళు సెలవు దొరికితే పేకాటకో సినిమాకో పోతారు. ఓదెలుకు చప్పుడు పడదు. పన్నెండు గంటలు మరమగ్గాల మధ్య నిలబడి వస్తే ఆ మోత మనిషితో పాటే ఇంటికి వస్తుంది. అన్నం దగ్గర కూర్చుంటుంది, పక్కలో పడుకుంటుంది.

"అంబాడీ దాటితేనే నా చెవుల మగ్గం బందయితది మామా" అనేవాడు నాతో. గుసగుసగా చెప్పాననుకునేవాడు. నాలుగిళ్ళ అవతల మల్లవ్వ "ఏంది, ఏం బందయింది?" అని కేకేసేది.

ఠాణే పక్కనున్న మా భివండీలో మగ్గాలకు శుక్రవారం సెలవు. ఆ రోజే పాళీ మారుతుంది. ఒక వారం పగలు, ఒక వారం రాత్రి. పగటి పాళీ చేసినవాడు గురువారం సాయంత్రం దిగితే మళ్ళీ శనివారం సాయంత్రం ఎక్కితే చాలు. మధ్యలో రెండు రాత్రుల నిద్ర, దాదాపు రెండు పగళ్ళు. దీన్ని ఓదెలు పెద్ద శుక్రవారం అనేవాడు. రాత్రి పాళీ చేసినవాడు శుక్రవారం పొద్దున ఏడింటికి ఎర్రబడ్డ కళ్ళతో దిగి, శనివారం పొద్దున ఏడింటికే మళ్ళీ ఎక్కాలి. అది చిన్న శుక్రవారం.

పెద్ద శుక్రవారం సముద్రం, చిన్న శుక్రవారం వేడి నీళ్ళు. వజ్రేశ్వరి దాకా రెండింటికీ దారి ఒకటే. శేలార్ దగ్గర రంగు కార్ఖానాల కాలువ దాటాలి, తర్వాత ఇటుక బట్టీలు దాటాలి. అంబాడీ దగ్గర లారీలు పల్చబడతాయి. ఆ తర్వాత టేకు చెట్లు, మోదుగు చెట్లు, ఒక చోట మనిషిని చూడగానే మొరిగి తర్వాత సిగ్గుపడే ఒక కుక్క. చిన్న శుక్రవారమైతే వజ్రేశ్వరి గుడి దగ్గర పక్కకు తిరిగి అక్లోలి వేడి నీటి గుండాలకు పోయేవాడు. మెట్ల మీద కూర్చుని, కాళ్ళు నీళ్ళలో పెట్టి, గంటసేపు నిద్రపోయి ఇంటికి వచ్చేవాడు. పెద్ద శుక్రవారమైతే గుడి దగ్గర తిరగకుండా పారోల్ వైపు సాగిపోయేవాడు. కొండల నడుమ చెట్ల దారి, శిర్సాడ్ దగ్గర హైవే, దాని అవతల విరార్, అగాశి అరటి తోటలు, చివరికి అర్నాళా ఇసుక. ఎండుచేపలు ఆరేసిన వెదురు దండేల పక్కన ఆ రాత్రి పడుకుని మర్నాడు తిరిగి వచ్చేవాడు. ఒంటికి చేపల వాసన ఉంటే పెద్ద శుక్రవారమని దుర్గవ్వకు తెలిసేది. ఆమె అతని భార్య.

పోయిన ఏడాది నుంచి వాళ్ళ కార్ఖానా తగ్గిపోతూ వచ్చింది. సేటు పర్శరాములుకు ఇరవై నాలుగు మగ్గాలుండేవి. ఒక్కొక్కటే పాత ఇనుముకు పోయి తొమ్మిది మిగిలాయి. ఆ తొమ్మిది కూడా వానలు పడేలోగా పోతాయని అందరికీ తెలుసు. ఓదెలుకు యాభై ఆరేళ్ళు. పూర్ణ ఊరి గోదాముల్లో పనికి పోతే గేటు దగ్గరే వయసు అడిగి "చాచా, ఘర్ జావ్" అన్నారు, ఇంటికి పొమ్మని. కాశేలిలో అది కూడా అనలేదు, చేయి ఊపారు.

అప్పుడు మా నేహ ఒక మాట తెచ్చింది. నేహ నా మనుమరాలు. ఠాణేలో ఉద్యోగం, సెలవు రోజుల్లో సైకిలు తొక్కే గుంపు ఒకటి. వాళ్ళ సైకిళ్ళు ఎంత తేలికంటే, కొనేటప్పుడు గాలికి ఎగిరిపోకుండా దుకాణంలో తాడుతో కడతారు. ఆ గుంపుకు లారీలు లేని దారులు తెలిసిన మనిషి కావాలి. సెలవు రోజుల్లో ముందుండి దారి చూపాలి, మిగతా రోజుల్లో వాళ్ళ సైకిళ్ళ కొట్టులో పనిచేయాలి. పగటి పని, నెల జీతం.

"కాకా, ఒక్కసారి మావాళ్ళను అడవిలోంచి సముద్రానికి తీస్కపో. అందరికీ నచ్చితే పని నీదే, పక్కా" అంది నేహ. "మాకు గుడ్ ఫ్రైడే ఛుట్టీ ఉంది. ఆ రోజు నీకు పెద్ద శుక్రవారమేనా?"

ఓదెలు వేళ్ళ మీద లెక్కపెట్టాడు. ఒక వేలు పెద్దది, ఒక వేలు చిన్నది, అలా ఏడు వేళ్ళు. "పెద్దదే బిడ్డా" అన్నాడు.

లెక్క తప్పలేదు. తప్పిందల్లా హోలీ దగ్గర. ఆ వారం హోలీకి కార్ఖానా మూసి, బదులుగా శుక్రవారం నడిపించారు. శుక్రవారం సెలవు లేకపోతే పాళీ మారదు. వరసగా రెండు వారాలు ఒకే పాళీ నడిచింది. ఓదెలు శుక్రవారాలు లెక్కపెట్టాడు గానీ పాళీలు లెక్కపెట్టలేదు. ముప్పై నాలుగేళ్ళు మగ్గం దగ్గర నిలబడ్డవాడు, ఆ పొరపాటు గుడ్ ఫ్రైడే వారం రాత్రి పాళీ ఎక్కాక గానీ తెలుసుకోలేదు.

ఎదురు పాళీ కనుకయ్యను బతిమాలాడు, గురువారం ఒక్కరోజు మారమని.

"నా బిడ్డను చూసుకోనీకి వస్తున్నరే ఆ రోజు. రాత్రికి ఎట్ల వస్త?" అన్నాడు కనుకయ్య.

సేటును అడిగితే, "రాకుంటే రాకు. మళ్ళ ఎప్పటికీ రాకు" అన్నాడు.

నేహకు ఒక్క మాట చెబితే సరిపోయేది. ఓదెలు చెప్పలేదు. చెబితే ఆ పని ఇంకొకరికి పోతుందని భయం.

గుడ్ ఫ్రైడే నాడు నవ్వితే పాపమని చిన్నప్పుడు మా కాన్వెంటు సిస్టర్లు చెప్పేవారు. అందుకే ఏడాదిలో నాకు ఎక్కువ నవ్వొచ్చేది ఆ రోజే. ఈసారి మాత్రం రాలేదు. ఏడున్నరకు శేలార్ నాకా దగ్గరికి పదకొండు మంది హెల్మెట్లు పెట్టుకుని వచ్చారు. నేను చూడటానికి పోయాను. ఓదెలు కార్ఖానా నుంచి నేరుగా వచ్చాడు. ముఖం కడుక్కున్నాడు గానీ చెవుల వెనక, కనుబొమ్మల మీద నూలు దుమ్ము అలాగే ఉంది.

"కాకా, ఒక్క రాత్రిలోనే ముసలోడివైనవేంది?" అంది నేహ.

"సముద్రం చూడనీకి పెద్దమనిషి లెక్క తయారైన" అన్నాడు ఓదెలు. అందరూ నవ్వారు. బయల్దేరారు.

తర్వాత జరిగింది ఓదెలు కొంత చెప్పాడు, నేహ కొంత చెప్పింది. నేను కలిపింది ఏదో మీకే తెలిసిపోతుంది.

అంబాడీ దాకా బాగానే తొక్కాడు. లారీ హారన్లు అతన్ని నిద్రపోనివ్వలేదు. అంబాడీ దాటగానే రోజూ కోరుకునే ఆ నిశ్శబ్దం వచ్చింది, దాని వెనకే నిద్ర వచ్చింది. ఓదెలు కళ్ళు తెరిచే నిద్రపోయాడు. మగ్గం పనివాళ్ళందరికీ తెలిసిన విద్య అది. కాళ్ళు తొక్కుతూనే ఉన్నాయి. ఆ కుక్క మొరిగింది, ఓదెలు పలకకపోయేసరికి ఈసారి సిగ్గుపడకుండా వెంటపడింది. మోదుగు పూలు రాలిన రోడ్డు మీద పదకొండు సైకిళ్ళు అతని వెనక వరసగా పోయాయి. "ఎంత శాంతంగా తీసుకుపోతున్నాడో" అని ఒకతను మెచ్చుకున్నాడట.

వజ్రేశ్వరి గుడి వచ్చింది. రాత్రి పాళీ చేసిన కాళ్ళు ఎటు తిరుగుతాయో అటే తిరిగాయి. వెనకవాళ్ళూ తిరిగారు. గుండాల దగ్గర ఓదెలు దిగాడు, స్టాండు వేశాడు, చెప్పులు విడిచాడు, మెట్ల మీద కూర్చుని కాళ్ళు వేడి నీళ్ళలో పెట్టాడు. కళ్ళు మూశాడు.

పదకొండు మంది నిలబడి చూస్తున్నారు.

"కాకా" అంది నేహ, "సముద్రం ఏదీ?"

"గిదే" అన్నాడు ఓదెలు, కళ్ళు తెరవకుండా.

శుభమ్ అనే బ్యాంకు ఉద్యోగి ముందు నవ్వాడు, తర్వాత గడియారం చూసుకున్నాడు. "నేహా, ఫోన్‌లో దారి చూసుకుని పోదాం. ఎండ ఎక్కుతోంది" అన్నాడు హిందీలో. ఆ మాట విని ఓదెలు ఉలిక్కిపడి లేచాడు. చుట్టూ చూశాడు. గుండం, మెట్లు, తన తడి కాళ్ళు.

"లేచిన బిడ్డా. నడువుండ్రి. వెనక్కి గుడిదాకా పోతే దారి దొరుకుతది" అంటూ తడి కాళ్ళకే చెప్పులు తొడగబోయాడు. ఒకటి నీళ్ళలో పడింది.

నేహ అతని కనుబొమ్మల మీది నూలును అప్పుడు సరిగ్గా చూసింది. మా ఇంటి పిల్లే, ఆ దుమ్ము తెలియనిది కాదు.

"రాత్రి పాళీ చేసి వచ్చినవా?"

"లేదు."

"కాకా."

"చేసిన" అన్నాడు ఓదెలు. "పాళీ లెక్క తప్పింది. నీకు చెప్తే పని పోతదనుకున్న."

"లారీ కింద పడితే ఏం పోతుండె?" నేహ గొంతు పెరిగింది. "నా వెనక పది మంది ఉన్నరు. వాళ్ళను నిద్రపోయేటోని వెంట తెచ్చిన!"

ఓదెలు నీళ్ళలోంచి చెప్పు తీసుకుని పిండుతూ నిలబడ్డాడు. రబ్బరు చెప్పు పిండితే ఏమొస్తుంది?

మెల్లగా అన్నాడు. "నన్ను తీస్కపోకు. దారి మాత్రం చెప్త, విను."

శుభమ్ ఫోన్‌లో దారి తీశాడు. అది హైవే మీదుగా పోతోంది.

"అది లారీల దారి. పారోల్‌ల బడి దాటినంక చింతచెట్టు వస్తది, ఎడమకు పోకుండ్రి. చేతిపంపు దగ్గర నీళ్ళు నింపుకోండ్రి, తర్వాత దొరకయి. ఎత్తు వస్తది, దిగి నడువుండ్రి, సిగ్గేం లేదు. శిర్సాడ్ కాడ హైవే మీద తొక్కొద్దు, కింది నుంచి మోరీ దారి ఉంది..." అలా అర్నాళా ఇసుకదాకా, మలుపు మలుపూ చెప్పాడు. నేహ ఫోన్‌లో రాసుకుంది. వాళ్ళు వెళ్ళిపోయారు. "వస్త" అని కూడా ఎవరూ అనలేదు.

ఓదెలు మూడింటిదాకా అక్కడే నిద్రపోయి, ఎండలో తొక్కుకుంటూ ఇంటికి వచ్చాడు. శనివారం పొద్దున ఏడింటికి మగ్గం దగ్గర నిలబడ్డాడు.

ఆదివారం సాయంత్రం పాళీ దిగేసరికి నేహ అతని గుమ్మంలో కూర్చుని ఉంది. ఎండకు ముఖం నల్లబడింది.

"చేతిపంపు ఉంది. మోరీ దారి ఉంది. అన్నీ నువ్వు చెప్పినట్టే ఉన్నయి. రోడ్డంతట మూడే లారీలు" అంది. "మావాళ్ళు నిన్నే కావాలంటున్నరు. నేనే వద్దన్న. పాళీ చేసుకుంట ఇది చెయ్యనియ్య. కార్ఖానా విడిచిపెట్టి, వారం రోజులు నిద్రపోయి అప్పుడు రా. లేకుంటే రాకు."

"ఇంక రెండు నెలలు మగ్గాలు నడుస్తయి" అన్నాడు ఓదెలు.

"మేం రెండు నెలలు ఆగం కాకా."

దుర్గవ్వ లోపలినుంచి వచ్చింది. భర్త ముఖంలోకి చూసింది. "అడుగుతున్న గాని, నీకు నిద్రపోనీకి సేటు పర్మిషన్ కావాల్నా?" అంది.

సోమవారం పొద్దున ఓదెలు కార్ఖానాకు పోయాడు. తొమ్మిది మగ్గాల మోతలో సేటు చెవి దగ్గర చెప్పాడు. అంటే నాకు ఇంటి దగ్గర వినిపించింది.

"ఎప్పటిసంది రావు?" అన్నాడు పర్శరాములు.

"ఇప్పటిసంది."

"ఎందుకురా, ఎవడైనా ఎక్కువిస్తా అన్నడా?"

"నిద్ర వస్తున్నది సేటు" అన్నాడు ఓదెలు.

పది గంటలకు ఇంటికి వచ్చి చాప వేసుకున్నాడు. మర్నాడు కనుకయ్య పిలవడానికి వచ్చాడు, మగ్గం ఒకటి ఖాళీగా ఉందని. దుర్గవ్వ గడప మీద కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. లేవలేదు, తలుపు తెరవలేదు. "మెల్లగ మాట్లాడు" అంది.