కొత్తల్లుడి బిగువు

ఆ రోజుల్లో మర్యాదంటే ఒంటికి కావలసిందేదీ నోటితో అడక్కపోవడమే. ఆకలేస్తే ఆకలనకూడదు, నిద్రొస్తే ఆవలించకూడదు. మూడో అవసరం మాట సరేసరి, అది మనుషులకు ఉంటుందనే ఎవరూ ఒప్పుకునేవారు కాదు. కాకినాడలో ఒక బియ్యం వర్తకుడి దగ్గర గుమాస్తాగా చేరి ఇంగ్లీషులో ఉత్తరాలు రాసేపాటి చదువు నాకుంది గానీ, తాగిన నీళ్ళు ఒంట్లో ఎటు వెళతాయో, ఎక్కడ నిలవుంటాయో తెలియదు. అది నేను కొత్తల్లుడినై, మొదటి దీపావళికి అత్తవారి ఊరు వెళ్ళినప్పుడు తెలిసింది.

మా అత్తవారిది ధవళేశ్వరం. ఇంకా రైలు రాలేదు, కాలవలో పడవ ప్రయాణమే. నన్ను తీసుకెళ్ళడానికి మామగారు స్వయంగా వచ్చారు, వెంట ఆయన అక్కచెల్లెళ్ళూ వాళ్ళ కోడళ్ళూను. లాకుల దగ్గర పడవ ఆగినప్పుడల్లా మగవాళ్ళు గట్టెక్కి తుప్పల చాటుకి వెళ్ళొచ్చేవారు. నేనూ గట్టెక్కేవాణ్ణి. అయితే నేను అడుగు వేస్తే చాలు, మామగారు గొడుగు విప్పి నా నెత్తిమీద పట్టుకుని వెంట నడిచేవారు, అల్లుడు ఎండకి కందిపోతాడని. "కాస్త అలా తిరిగొస్తానండి" అంటే, "పదండి బాబూ, నేనూ వస్తాను" అనేవారు. తుప్పలదాకా ఇద్దరం ఒకే గొడుగులో వెళ్ళి, పైరు బాగుందనుకుని తిరిగొచ్చేసేవాళ్ళం. (పైగా ఆ పనికి జంధ్యం చెవికి చుట్టుకోవాలి. అది చూస్తే పడవలో ఆడవాళ్ళందరికీ తెలిసిపోతుందని ఇంకో బెంగ.)

ఇల్లు చేరేసరికి నిటారుగా నిలబడలేని స్థితి. కాళ్ళు కడుక్కోమని చెంబుతో నీళ్ళు పోస్తే ఆ చప్పుడుకే ప్రాణం పోయింది. మజ్జిగ వద్దన్నాను, పానకం వద్దన్నాను, మొహం బిగించుకుని కూర్చున్నాను. అల్లుడు అలిగాడని ఇల్లంతా గుప్పుమంది. మామగారు అత్తగారితో గుసగుసలాడి, తన వేలి ఉంగరం పళ్ళెంలో పెట్టి తెచ్చారు. దాన్ని చూసి నాకు ఏడుపొచ్చింది. చాల్లేదనుకున్నారు కాబోలు, పక్కన జరీ ఉత్తరీయం కూడా పెట్టారు.

చివరికి సందు చూసుకుని పెరట్లోకి పారిపోయాను. తీరా కూర్చుంటే చుక్క రాలేదు. అంతవరకూ ఉన్నది సిగ్గు, అప్పుడు పట్టుకుంది భయం. తిరిగి వస్తుంటే, వెనక అరుగుమీద వత్తులు చేసుకుంటున్న నా భార్య అమ్మమ్మగారు నా మొహం చూసి, "ఒంటికి వెళ్ళడం లేదా నాయనా?" అని అడిగారు. బయల్దేరిన దగ్గర్నుంచి నాకు కావలసిన మాట అడిగింది ఆవిడొక్కరే. తలూపాను.

ఆ తరవాత ఇంటిల్లిపాదీ నాకు వైద్యం చేశారు. నీరు జారీ అవుతుందని పల్లేరుకాయల కషాయం పట్టించారు, దానిమీద కొబ్బరినీళ్ళు తాగించారు. జారీ అవడం మాట అటుంచి, పొత్తికడుపు రాయిలా బిగిసిపోయింది. ఒంటెద్దు బండిలో వేసి డాక్టరుగారి దగ్గరికి తీసుకెళ్ళారు. ఆయన మద్రాసులో చదివొచ్చారు, ఊళ్ళో గొట్టాల డాక్టరని పేరు. బొడ్డు కింద తట్టి చూసి, ఏమేం తాగించారో అడిగి తెలుసుకున్నారు.

"నడుం దగ్గర రెండు మూత్రపిండాలుంటాయండి. రక్తంలో మలినాన్నీ, ఎక్కువైన నీళ్ళనీ వడగట్టి కింద తిత్తిలోకి వదులుతుంటాయి. అవి పని మానలేదు. తిత్తే మరీ సాగిపోయి, బయటికి తోసే శక్తి పోగొట్టుకుంది. మీరేమో పైనుంచి ఇంకా పోస్తున్నారు" అన్నారు మామగారితో.

ఇలాగే వదిలేస్తే నీరు వెనక్కి తన్ని మూత్రపిండాలు చెడతాయనీ, ప్రాణం మీదికి వస్తుందనీ కూడా చెప్పారు. మామగారు గోడ పట్టుకుని కూలబడ్డారు. అప్పుడు ఆయనమీద నా కోపమంతా పోయింది.

నన్ను గంగాళంలో గోరువెచ్చని నీళ్ళలో నడుందాకా కూర్చోబెట్టారు. దీనికి లొంగకపోతే రబ్బరు గొట్టం వెయ్యక తప్పదని, దాన్ని పక్కనే మరగబెట్టించారు. తరవాత అందర్నీ బయటికి పంపి తలుపు వేశారు. వేడినీళ్ళ మహిమో, గొట్టం మీద భయమో, ఆ తలుపు చాటున దొరికిన ఏకాంతమో, కాసేపటికి బిగువు సడలింది. "అయిందండీ" అని లోపల్నుంచే చెప్పాను. బయట మామగారు చిన్నపిల్లాడిలా వెక్కి వెక్కి ఏడవడం వినిపించింది.

ఆ సాయంత్రం నా భార్య పాలగ్లాసు తెచ్చి గుమ్మంలో నిలబడింది. అప్పటిదాకా మేమిద్దరం ఒక్క మాటా మాట్లాడుకోలేదు.

"నాకైనా కబురు చెయ్యలేకపోయారా?" అంది.

"నీతో మొదటి మాట ఇదా అని..."

"ఇదయితే ఏమైందండీ, ఏదో ఒక మాటతో మొదలవ్వాలి కదా" అని నవ్వింది. నేనూ నవ్వాను. పాలు మాత్రం సగమే తాగాను.

ఇప్పుడు వయసు మీదపడి, గంటకోసారి లేవాల్సి వస్తోంది. ఎవరింటికి వెళ్ళినా కుశలం కన్నా ముందు దొడ్డిదారి ఎటని అడుగుతాను, ఎవరూ ఏమీ అనుకోరు. అలా అడిగినప్పుడల్లా కాలవగట్టు మీద కొత్తకోటు తొడుక్కుని, పెదవి కొరుక్కుంటూ నిలబడ్డ ఆ కుర్రాడు గుర్తొస్తాడు. నవ్వొస్తుంది, జాలీ వేస్తుంది. ఇంత చిన్న మాట నోటికి రావడానికి మనిషి ఇంత ముసలివాడు కావాలా అనిపిస్తుంది.