చౌడప్ప నీళ్లు తాపిన కడ్డీ

తనకల్లు అవతల చీనీ, అంటే బత్తాయి తోట ఉన్న చౌడప్ప అబద్ధాలాడే మనిషి కాదు. నిజానికే కాస్త ఎరువేసి పెంచుతాడు, అంతే. తన బోరు పడిన రోజు నీళ్లు ఎగజిమ్మి పైన పోతున్న గద్దను తడిపేశాయనీ, అది ఇప్పటికీ ఆ దారిన రాదనీ చెప్తాడు. ఇక "పాము!" అని అరిచి పెళ్లాం బయమ్మను గట్టు మీంచి ఎన్నిసార్లు దూకించాడో లెక్కే లేదు.

మొన్న ఎరువుల అంగడి కేశవ వచ్చి తోటలో కొత్త యంత్రం బిగించి పోయాడు. చెట్టు పాదులో ఒక కడ్డీ, గట్టు అవతల స్టార్టరుకు ఒక పెట్టె. కరెంటు రాగానే పెట్టె కాసేపు ఆగి కడ్డీని అడుగుతుంది. నేల ఎండిందని కడ్డీ చెబితే మోటారు వేసి, ఆ సంగతి ఫోనుకు చెబుతుంది. మధ్యలో మనిషితో పని లేదు. చౌడప్ప దాని గుట్టు ఇట్టే పట్టేశాడు: కడ్డీ మొదట్లో చెంబెడు నీళ్లు పోస్తే చాలు, తోటంతా తడిసిందనుకుని ఊరుకుంటుంది. యంత్రానికే టోపీ పెట్టినోణ్ణని ఊరంతా చాటుకున్నాడు.

ఆ ఉదయం బోరు మూతి దగ్గర కేబులు ఒరుసుకుని తెగింది. కరెంటు లేదు. ఫీజులు పీకి పనిలో దిగాల్సిన చౌడప్ప, కడ్డీకి చెంబెడు నీళ్లు పోసి వచ్చి కూర్చున్నాడు. స్టార్టరు వైపు వైర్లు ఒలిచి బయమ్మ చేతికిచ్చి, బోరు వైపువి ఒలవసాగాడు.

"ఫీజులు పీకినావా?"

"ఎందుకుమే? కడ్డీకి కడుపునిండా తాపినా. సాయంత్రం దాకా నోరు తెరవదు."

"కరెంటొస్తేనో?"

"రానీలే. ఆ పెట్టె, కడ్డీ ఇద్దరి ముచ్చట్లు నాకు తెలీవా?"

తోట చివర ట్రాన్స్‌ఫార్మరు గుయ్‌మంది. చౌడప్ప నవ్వుతూనే కడ్డీ వైపు చూశాడు. నవ్వు మొహం మీదే బిగుసుకుపోయింది. నీళ్లు పోసిన చోట ఎర్రమట్టి అప్పుడే పొడిబారి ఉంది. వాన మొహం ఎరగని నేల చెంబెడూ తాగేసింది.

"వదులు! వైర్లు వదులు!"

"పొద్దన్నే మొదలుపెట్టినావా? నేను దూకనులేప్పా."

"నిజంమే! సచ్చిపోతావు!"

"నిన్న పామంటివి, ఈ పొద్దు ఇదా?" బయమ్మ పకపకా నవ్వి, వైర్లను ఇంకా గట్టిగా పట్టుకుంది.

గట్టు దాటి స్టార్టరు దాకా ఉరికే వ్యవధి లేదు. ఒంటి మీద చెయ్యి వేస్తే ఇద్దరూ పోతారు. ఏ మాట చెబితే ఈమె నమ్ముతుందో వెతికాడు. అలాంటి మాట ఒక్కటీ తన దగ్గర మిగల్లేదు. కాలి రబ్బరు చెప్పు లాగి ఆమె మణికట్టు మీద బలంకొద్దీ కొట్టాడు. వైర్లు జారాయి.

పెట్టె టక్‌మంది. బయమ్మ పాదానికి జానెడు దూరంలో, రాళ్ల మీద నీలిమంట చిమ్మింది.

చౌడప్ప ఉరికి ఫీజులు పీకి, అక్కడే కూలబడ్డాడు. పీకిన పింగాణి ఫీజులు ఒళ్లో పెట్టుకున్నాడు. బయమ్మ వాచిన మణికట్టు పట్టుకుని వచ్చి పక్కన కూర్చుంది. చౌడప్ప జేబులో ఫోను మోగింది.

"ఎవురు?"

"పెట్టె. నేల ఎండిందంట. మోటారు ఆన్ చేసినానని చెబుతాండాది."

"మనం ఆడ వైర్లు పట్టుకోనుండేది దానికి తెలుసునా?"

"తెలీదుమే," అన్నాడు చౌడప్ప. ఆ ఒక్క మాటకు ఎరువేమీ వెయ్యలేదు.