పెద్దమ్మ ఉప్పు మూట

సత్యవతి పెద్దమ్మ పోయిందని నాకు మొదట చెప్పింది ఆమె కోడలు లక్ష్మి. "చివరిదాకా ఏ కూర వండినా, ఉప్పు సరిపోయిందా అని అడిగేవారండీ," అంది. ఏళ్లుగా దాచుకున్న తప్పొకటి ఆ మాటతో మళ్లీ ముందుకొచ్చింది. లక్ష్మికి చెప్పలేకపోయాను. మీకు చెబుతున్నాను.

మొయినాబాద్‌లో వాళ్లది మా పక్కిల్లు. పెద్దమ్మ పుట్టిల్లు సముద్రం ఒడ్డున, ఉప్పు మడుల ఊరు. నేలను కాళ్లతో తొక్కి గట్టి చేయడం, సముద్రపు నీళ్లు పెట్టి ఎండకు వదలడం, పేరిన ఉప్పును పలకతో లాగి కుప్ప పోయడం, చేదు నీరు కారిపోయేదాకా ఆ కుప్పను ముట్టకపోవడం, అన్నీ ఆమె చెబితేనే తెలిశాయి. నేను బడి ఎరుగను. మా బాపు ఇంట్లోనే బైబిలు ముందు పెట్టి నేర్పిన అక్షరాలే నావి. జ్వరమొస్తే జావ కాచి తాగించిన మనిషి ఆమె. అందుకు రోజూ ప్రార్థనలో దేవునికి స్తోత్రం చెప్పుకునేదాన్ని.

ఒక వేసవిలో వాళ్లింటికి రంగులు వేస్తుంటే, ఆవకాయకని పుట్టింటి నుంచి తెప్పించుకున్న ఉప్పు మూట నాకిచ్చి, మా అటక మీద పెట్టమంది. బద్ధకించి వెనక వసారాలో నేల మీద పెట్టాను. గాలివాన వచ్చింది. తెల్లారేసరికి ఉప్పంతా కరిగి పారింది. మూటలో గుప్పెడు మాత్రం మిగిలింది. చేవెళ్లలో దొడ్డు ఉప్పు కొని, అదే గుడ్డలో కట్టి ఇచ్చేశాను.

ఆమె ఒక పలుకు నోట్లో వేసుకుంది.

"ఇది మా మడి ఉప్పు కాదమ్మాయి."

"మీరిచ్చిన మూటనే గద పెద్దమ్మ. వేరేదెట్లయితది?"

పక్కనున్న కొడుకు నవ్వాడు. "ఎక్కడిదైనా సోడియం క్లోరైడే అమ్మా. ఉప్పు మారలేదు, నీ నాలుకే రిటైరైంది."

నేనూ నవ్వాను. ఆమె నా ముఖం చూసి, "అంతేనేమోలే," అంది.

ఇంటికొచ్చి, మిగిలిన గుప్పెట్లోంచి ఒక పలుకు, కొన్నదాంట్లోంచి ఒక పలుకు కళ్లు మూసుకుని చప్పరించాను. తేడా ఉంది. కొన్నదాని రుచి చివర సన్నటి చేదు తగిలింది. ఆమెదాంట్లో అది లేదు.

తెలిశాక కూడా ఎందుకు నోరు విప్పలేదు? కోప్పడుతుందనా? ఆమె నన్ను ఎన్నడూ కోప్పడలేదే. నేను మంచిదాన్నని ఆమె నమ్మింది. ఆ పేరు కాపాడుకోవడానికి ఆమె నాలుక మీద ఆమెకున్న నమ్మకాన్ని తీసేశాను. ఆ ఏటి నుంచి ఆవకాయ కలపడం కోడలికి వదిలేసింది. రుచి ఎవరినీ అడిగి ఎరగని మనిషి, గిన్నె పట్టుకుని మా గుమ్మంలోకి కూడా వచ్చేది. "సరిపోయింది పెద్దమ్మ," అనేదాన్ని. ప్రతిసారీ సరిపోయేది. నిజం అంతవరకే చెప్పాను.

దేవుని ముందు చాలాసార్లు ఒప్పుకున్నాను. అది సులువు, ఆయన ముందే చూశాడు కదా. చెప్పాల్సింది ఆమెకు. ఇది రాశాక మనసు కొంచెం తేలికైంది. అంతకు మించి అడిగే హక్కు నాకు లేదు.

మీరు కూరలో ఉప్పు వేసేటప్పుడు ఒకసారి సత్యవతి పెద్దమ్మను తలచుకోండి. ఆ రోజు ఆమె చెప్పిందే నిజం.