నాలుగో జ్వరం నాటి పరీక్ష

నా చిన్నప్పుడు మా పట్టుపురుగులకు జ్వరం వస్తే నాకు పండగ. ఆ రోజే కదా నేను బడికి పోయేది! నవ్వకండి, నిజమే చెబుతున్నాను. టేకల్ దగ్గర మా ఇంట్లో మనుషులకన్నా పురుగులకే ఎక్కువ చోటు. వెదురు తట్టల్లో పరిచిన మల్బరీ ఆకును అవి రాత్రీ పగలూ తింటూనే ఉండేవి. గూడు కట్టేలోగా నాలుగుసార్లు మాత్రం మేత మానేసి, తల పైకెత్తి, పొర విడవడానికి ఒకరోజు కదలకుండా పడుకుంటాయి. దాన్నే మావాళ్ళు జ్వరం అంటారు. ఆ ఒక్కరోజు ఆకు కోసే పని ఉండదు. కూలి మనిషిని పెట్టుకునే స్తోమత మా నాయనకు లేదు కాబట్టి మిగతా రోజుల్లో ఆ కూలి మనిషిని నేనే.

అయినా నాకు చదువంటే మహా ఆశ. బడికి పోయిన ఒక్కరోజులో నాలుగు రోజుల పాఠాలు మింగేసి వచ్చేదాన్ని. ఏడో తరగతిలో మా మేష్టారు ఇంటికే వచ్చి, మాలూరులో ఒక పరీక్ష పెడుతున్నారనీ, అందులో నెగ్గితే సర్కారు హాస్టల్లో ఉచితంగా చదివిస్తారనీ చెప్పారు. అది తప్పితే నాకు ఏడుతోనే సరి. మా నాయన వేళ్ళమీద రోజులు లెక్కపెట్టి తల అడ్డంగా ఊపేశాడు.

"ఆ పొద్దుకు పురుగులు నాలుగో జ్వరం లేచి పెద్ద మేతలో ఉంటాయి. నువ్వు పరీచ్చకు పోతే ఆకు ఎవురు కోస్తారు? మీ మేష్ట్రు వచ్చి కోస్తాడా?"

ఆయన అన్నదాంట్లో తప్పేమీ లేదు. పెద్ద మేతలో ఒక్కపూట ఆకు తగ్గితే పంటే పోతుంది. నేను తలుపు వెనక నిలబడి వెక్కి వెక్కి ఏడ్చాను. మా అవ్వ, అంటే మా నాయనమ్మ, ఆకూవక్కా నములుతూ, "పరీచ్చ ఏ వారం పాపా?" అని మాత్రం అడిగింది. బేస్తవారం అన్నాను. ఊఁ అని ఊరుకుంది. నాకు ఒళ్ళు మండిపోయింది.

పురుగుల గుడ్లు అంటించిన కాగితం అప్పటికే ఇంటికి వచ్చి ఉంది. అది అవ్వ చేతికింది వ్యవహారం, మేమెవరమూ ముట్టకూడదు. ఆ తడవ గుడ్లు ఎంతకీ పగల్లేదు. మా నాయన ఒకటే చిందులు.

"ఈ గుడ్లకు ఏమొచ్చిందమ్మా? గడువు దాటి మూడు దినాలాయె!"

"పగుల్తాయి లేప్పా. నువ్వు కేకలేస్తే పగుల్తాయా?"

చివరికి పగిలాయి. పరీక్ష నాటి బేస్తవారం రానే వచ్చింది. తెల్లవారగానే తట్టల దగ్గరికి పరుగెత్తాను. ఏం చెప్పను! నాలుగో జ్వరం! తట్టల నిండా పురుగులు తలలెత్తి నిద్రపోతున్నాయి. కానీ అక్కడక్కడ కొన్ని ఇంకా తింటున్నాయి. మా నాయన ఆకుగంపతో వచ్చేశాడు. తినేవాటికి ఆకు వేస్తే నా పరీక్ష పోయినట్టే. ఇంతలో మా అవ్వ జల్లెడ పట్టుకొచ్చి తట్టలమీద సున్నపు పొడి చల్లేసింది. సున్నం పడితే పురుగులన్నీ లేచేదాకా ఆకు వెయ్యరు.

"నూటికి పది ఇంగా తింటా ఉండాయి కదమ్మా!"

"తినేటివి రేపు తింటాయి. పరీచ్చ రేపు ఉంటాదా?"

మా నాయన గంప దించి బయటికి పోయాడు. అవ్వ నా తలకు ఇంత నూనె పెట్టి, రెండు జడలు వేసి, మేష్టారితో రైలెక్కించింది. ఆకు కోసి కోసి నల్లబడిన వేళ్ళతో ఆ రోజు ఎంత హాయిగా రాశానో!

సాయంత్రం ఇంట్లో అడుగుపెడుతూనే, "నా అదృష్టం చూడవ్వా, జ్వరం ఈ పొద్దే వచ్చినాది!" అని ఎగిరాను. అవ్వ నవ్వీ నవ్వీ, నా చెయ్యి పట్టుకొని నీళ్ళకుండల వెనక్కి తీసుకుపోయింది. అక్కడ గోడవార ఒక తడిగోనె వేలాడుతోంది.

"అదృష్టమంట, అదృష్టం! గుడ్ల కాగితాన్ని దీని మరుగున, ఈ చల్లదనంలో పెట్టినా. అందుకే ఆలస్యంగా పగిలినాయి. ఇంగ రవ్వంత చల్లబడింటే అన్నీ చచ్చేవి. బయంతో నాకు కూడు దిగలేదే!"

ఆ తర్వాత గొంతు తగ్గించింది.

"నేను పొద్దున్నే గోనె తడిపి తోటకు పోతా ఉంటి. ఎండకు మద్యాన్నానికే ఆరిపోవల్ల కదా? తిరిగొచ్చి చూస్తే తడి తడిగానే ఉండేది. ఎవురు తడిపినారో మీ నాయన్నే అడుగు."

మా నాయన వాకిట్లో కాళ్ళు కడుక్కుంటున్నాడు. నేను పోయి ఎదురుగా నిలబడ్డాను. ఆయన నా ముఖం చూడలేదు.

"ఏం అట్ల చూస్తావు? రేపు పురుగులు లేస్తాయి. పోయి పడుకో పో."

ఆ కసురుకోవడానికే నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి.

నాకు హాస్టల్లో సీటు వచ్చింది. చదివి, టీచరునై, ఈ తాలూకా ఊళ్ళలోనే పనిచేసి రిటైరయ్యాను. ఉన్నన్నాళ్ళూ హాజరు పుస్తకంలో పిల్లల పేర్ల పక్కన ఎవరింట్లో ఎన్నో జ్వరమో పెన్సిల్‌తో రాసుకొని, అది చూసే పరీక్షలు పెట్టేదాన్ని. తోటి టీచర్లు నవ్వితే నవ్వారు. బిడ్డను పంపించనని ఏ తండ్రైనా నామీదికి కేకలేస్తే మాత్రం ఏనాడూ ఎదురు వాదించలేదు. పరీక్ష ఏ వారమో చెప్పి, వాళ్ళింట్లో మంచినీళ్ళు తాగి, కుండల వైపు ఒకసారి చూసి వచ్చేసేదాన్ని.