బొడ్డు ఊడేదాకా

దానమ్మ చేతులు మోచేతుల దాకా సబ్బు నురగలో ఉన్నాయి. గోళ్ళ సందులు పుల్లతో తీసి, మళ్ళీ సబ్బు రాసి, మళ్ళీ కడిగింది. పక్కన కిరోసిన్ స్టవ్వు మీద సత్తుగిన్నెలో కొత్త బ్లేడూ, నూలుదారం ముక్కలూ మరుగుతున్నాయి. గదిలో శివపార్వతి నొప్పులు పడుతోంది. ఇంకా వేళ కాలేదని ఆ మూలుగు వింటేనే దానమ్మకు తెలుస్తుంది.

చల్లపల్లి దగ్గరి ఆ ఊళ్ళో పిల్లల్లో సగం మంది ఆమె చేతుల్లో పడ్డవాళ్ళే. మేనత్త వెంట తిరిగి మంత్రసాని పని నేర్చుకుంది. రైతుల ఇళ్ళకు పెరటి గుమ్మం నుంచే వచ్చేది, పెరటి గుమ్మం నుంచే వెళ్ళేది. పురిటి గదిలో అడుగు పెట్టాక మాత్రం ఎవరి మాటా వినేది కాదు.

శివపార్వతి తల్లి వెంకటరత్నమ్మ కొబ్బరిచిప్ప పట్టుకుని వచ్చింది. అందులో కచ్చిక, అంటే ఆవుపిడకలు కాల్చి జల్లించిన బూడిద. బొడ్డు కోసిన చోట అద్దితే పుండు త్వరగా ఆరుతుందని ఆ ఊరి నమ్మకం.

"అది బయట పెట్టండమ్మగారూ" అంది దానమ్మ.

"నిప్పులో కాలిందానికి మైలేంటే?"

"కాలేటప్పుడు లేదండి. కాలాక గొడ్లసావిట్లో పెట్టారుగా. మీ కోళ్ళు పొద్దున్నే పొర్లేది ఆ బూడిదలోనే. నిన్న నేనే తోలా."

నొప్పుల మధ్యలో శివపార్వతి నవ్వింది. తల్లి నవ్వలేదు. చిప్ప తీసుకుని వెళ్ళింది.

శివపార్వతి తొలి కాన్పూ ఈ గదిలోనే జరిగింది. అప్పుడు దానమ్మ తన కూతురి ఊళ్ళో ఉంది. పొరుగూరి మంత్రసాని వచ్చి కచ్చిక పెట్టి వెళ్ళింది. మగబిడ్డ. పుట్టిన కొద్ది రోజులు పాలు బాగానే తాగాడు. తర్వాత దవడలు పట్టేశాయి. తలుపు చప్పుడైనా చాలు, ఒళ్ళు విల్లులా వంగేది. గాలి సోకిందని తాయెత్తు కట్టారు. బిడ్డ దక్కలేదు. శివపార్వతి గర్భమే మంచిది కాదని అత్తవారింట అన్నారు. ఆ మాట ఆమెలో ముల్లులా ఉండిపోయింది.

ఆసుపత్రిలో మంత్రసానులకు పాఠాలు చెప్పిన నర్సమ్మ ఆ జబ్బును ధనుర్వాతం అంది. పేడలో, మట్టిలో దాని విత్తు ఉంటుంది. ఎండకు చావదు, ఏళ్ళ తరబడి పడి ఉంటుంది. గాలి తగలని చచ్చిన కండ దొరికితే లేచి విషం తయారుచేస్తుంది. ఎండిపోతున్న బొడ్డు దానికి అలాంటి చోటు. దానమ్మ వెంటనే నమ్మలేదు. ఇంటికొచ్చి తాను ఎరిగిన చావులు ఒక్కొక్కటే తలుచుకుంది. కచ్చిక పెట్టని ఇంట్లో అలాంటి చావు ఒక్కటీ గుర్తు రాలేదు. ఆ రోజే తన ఇంట్లో ఉన్న కచ్చిక పారబోసింది.

అందుకే ఏడో నెలలో శివపార్వతి పుట్టింటికి రాగానే, గాజులు వేయించుకొస్తామని చెప్పి చల్లపల్లి బస్సెక్కించింది. గాజులు వేయించింది. సూదీ వేయించింది. కడుపుతో ఉన్నదానికి సూది పడితే కడుపు పోతుందని వెంకటరత్నమ్మ భయం. మర్నాడు కూతురి జబ్బ వాచి ఉండటం చూసి ఆమె నిప్పులు చెరిగింది.

దానమ్మ తనకు అర్థమైనంత చెప్పింది. ఆ సూదిలో ఉన్నది కోరలు పీకిన విషం. ఒళ్ళు దాన్ని చూసి విరుగుడు తయారుచేసుకోవడం నేర్చుకుంటుంది. వాపు వచ్చిందంటే లోపల పని మొదలైనట్టే. తల్లి చేసుకున్న విరుగుడు మాయ గుండా బిడ్డకూ చేరుతుంది. వెంకటరత్నమ్మ వినకుండా లోపలికి పోయింది. రెండో సూది సంగతి శివపార్వతి ఎవరికీ చెప్పలేదు. తనే బస్సెక్కి వెళ్ళి వచ్చింది.

మధ్యాహ్నానికి ఆడపిల్ల పుట్టింది. దానమ్మ బొడ్డుతాడు రెండు చోట్ల కట్టి, మరిగించిన బ్లేడుతో కోసి, దాని మీద ఏమీ పెట్టకుండా, ఉడకబెట్టి ఆరేసిన గుడ్డ చుట్టింది.

మర్నాడు పొద్దున దానమ్మ వచ్చి గుడ్డ విప్పితే బొడ్డు మడతలో బూడిద కనిపించింది.

దానమ్మ నీళ్ళు మరగబెట్టి, చల్లార్చి, సబ్బుతో అణువణువూ కడిగింది. బిడ్డ కెవ్వుమని ఏడుస్తున్నా ఆపలేదు. శివపార్వతి ముఖం పాలిపోయింది. గుమ్మంలో నిలబడ్డ వెంకటరత్నమ్మ తనే అంది.

"నేనే పెట్టా. మా అమ్మ నాకూ అదే పెట్టింది. నేను బతకలా?"

"మీరు బతికారండి. మీ తోడబుట్టినోళ్ళు ఎంతమంది పురిట్లో పోయారో అదీ చెప్పండి."

వెంకటరత్నమ్మ లోలోపల లెక్కపెట్టుకుంది. తన తల్లి కన్నవాళ్ళలో మిగిలింది తానూ ఒక తమ్ముడూ. మిగతావాళ్ళను దేవుడు తీసుకుపోయాడనే ఇన్నాళ్ళూ చెప్పుకుంది.

"ఈ పిల్లకేమైనా అవుతుందా?" అని అడిగింది.

"కడగాల్సింది కడిగా. ఇక కాయాల్సింది మీ అమ్మాయి ఒంట్లోంచి వచ్చిన విరుగుడే. బొడ్డు ఊడేదాకా నేనిక్కడే ఉంటా. నా చెయ్యి తప్ప ఇంకో చెయ్యి ఈ గుడ్డ తాకడానికి వీల్లేదు. కాదంటే ఇప్పుడే చెప్పండి, తల్లీపిల్లల్ని మా ఇంటికి తీసుకుపోతా."

ఆ ఇంట్లో అలాంటి మాట అంతకుముందు ఎవరూ అనలేదు. ఒక రైతు ఇంటి కూతుర్ని ఊరి బయట తన పేటకు తీసుకుపోతానని మంత్రసాని అనడం ఏమిటి? వెంకటరత్నమ్మ ముఖం ఎర్రబడింది. కూతురు వైపు చూసింది.

"నేను వెళ్తానమ్మా" అంది శివపార్వతి. మంచం మీంచి లేవబోయింది కూడా.

"పడుకో" అంది తల్లి.

ఆ తర్వాత దానమ్మ పురిటి గది గుమ్మంలో చాప వేసుకుంది. వెంకటరత్నమ్మ ఆమె భోజనం అక్కడికే పంపింది. ప్రతి పూటా దానమ్మ తన చిటికెనవేలు కడుక్కుని బిడ్డ నోట్లో పెట్టి చూసేది. వేలు లాగి పట్టుకుంటే సరే. దవడ బిగిసే జబ్బు ముందు చప్పరింతనే దొంగిలిస్తుంది. మొదటి బిడ్డ పుట్టిన ఎన్నో నాడు పాలు వదిలేశాడో ఆ రోజు వచ్చింది. ఆ రోజు శివపార్వతి అన్నం ముట్టలేదు. రొమ్ము అందించి కళ్ళు మూసుకుంది. బిడ్డ ఆబగా పట్టింది. నొప్పికి శివపార్వతి "అబ్బా" అంది, అంటూనే ఏడ్చేసింది. వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చిన తల్లి, బిడ్డ గుటకలు చూసి గోడకు చేరగిలబడింది.

పురుడు పోసే నాటికి బొడ్డు ఊడిపోయింది. దానమ్మ బిడ్డను కాళ్ళ మీద వేసుకుని ఒళ్ళంతా నూనె మర్దించి, గోరువెచ్చని నీళ్ళు పోసింది. తడి అద్ది, బొడ్డు మడత వేలితో విప్పి వెలుతురులో పెట్టి చూసింది. చీము లేదు, ఎరుపు లేదు, పొడిగా ఉంది. ఉతికిన గుడ్డలో చుట్టి, తీసుకుపోయి శివపార్వతి ఒళ్ళో పెట్టింది.