కుంకుమ పెట్టిన పానా

బండి వెనక భాగం నా కింద ఒక్కసారి పక్కకు ఊగింది. గుంత కాదు, గుంతైతే ఎగరేస్తుంది. ఇది తడిమట్టి మీద కాలు జారినట్టు మెత్తగా జారింది. ఆ రోడ్డు మీద తడి ఎక్కడిది, చినుకు పడి రెండు నెలలు దాటింది. వెనక చక్రంలో గాలి పోతోందని మా ఆయన చేతుల కంటే ముందు నా నడుముకు తెలిసింది. ఒళ్లో ఉన్న చిన్నోణ్ణి గట్టిగా పట్టుకున్నాను. వాడికి మూడేళ్లు. చీర కొంగు మీదుగా కూడా వాడి ఒళ్లు పెనంలా కాలుతోంది.

మా ఊరి నుంచి రాప్తాడు హైవే దాకా పదకొండు కిలోమీటర్లు. సగం దాటాక జరిగింది ఇది. చిన్నోడికి కిందటి ఎండాకాలం జ్వరంతో ఫిట్స్ వచ్చింది. జ్వరం పైకి పోనివ్వద్దని, పోతే ఆలస్యం చేయకుండా తీసుకురమ్మని అనంతపురంలో పిల్లల డాక్టరు గట్టిగా చెప్పింది. ఆ పొద్దున మందు వేసినా జ్వరం దిగలేదు. బస్సు పదకొండుకు గానీ లేదు. అత్త చేనికి పోవాలి కాబట్టి ఆరేళ్ల పెద్దదాన్ని కూడా మధ్యలో కూర్చోబెట్టుకుని, నలుగురం బండి ఎక్కాం.

మా ఆయన దిగి చక్రం తిప్పి చూశాడు. సర్కారు తుమ్మ ముల్లు, వేలంత పొడవు. ఈ రోడ్డు మీద పంక్చరంటే ఎవరికైనా తెలిసిన దారి ఒకటే. చక్రం విప్పి, అటు పోయే ఎవరి బండి మీదో రాప్తాడు పంపించి, అతికించి తెప్పించుకోవడం. పంక్చర్ అంగడాయన అంగడి వదిలి రాడు. చక్రం ఆయన దగ్గరికి పోవాలి. చక్రం విప్పాలంటే ఇరుసు నట్టుకు సరిపోయే పెద్ద పానా కావాలి. బండితో పాటు ఇచ్చే సంచిలో ఆ సైజు ఉండదు.

ఈ సంగతి నాకు రెండేళ్ల ముందే తెలుసు. అప్పుడు ఒళ్లో జబ్బు పిల్లాడు లేడు, అయినా ఒక మధ్యాహ్నమంతా ఇదే రోడ్డు మీద నిలబడ్డాను. తర్వాత రాప్తాడులో మెకానిక్‌ను అడిగితే నంబరు చెప్పాడు. ఆ నంబరు పానా, దానికి పట్టు కోసం ఒక పైపు ముక్క, టైరు లేపే రెండు పట్టీలు, చిన్న గాలి పంపు కొని పాత లుంగీ గుడ్డలో చుట్టి బండి పక్క డబ్బాలో పెట్టాను. మా ఆయన తన అన్నదమ్ముల ముందు ఆ మూట విప్పి చూపించాడు. “డిగ్రీ చదివింది పంక్చర్ అంగడి పెట్టేకి” అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. అప్పటి నుంచి నేను బండి గురించి ఏమడిగినా ఆ అంగడి మాటే వచ్చేది. అడగడం తగ్గించాను.

ఆయన పక్క డబ్బా తీశాడు. పంపు ఉంది, పట్టీలు ఉన్నాయి. పానా లేదు. “యాడ పోయింది?” అని నన్నడిగాడు.

పానా మా ఇంట్లో దేవుని మూలలో ఉంది. దసరా అయి మూడు రోజులు. నవమి నాడు ఆయుధ పూజకు ఇంట్లో ఉన్న ఇనుమంతా తెమ్మంది అత్త. కొడవళ్లు, పార, గడ్డపార, బోరు మోటారు సామాన్లు, అన్నీ కడిగి వరసగా పెట్టాం. పానాకు పట్టిన గ్రీజు కిరసనాయిలుతో తుడిచి, విభూతి పట్టెలు గీసి, మధ్యలో కుంకుమ బొట్టు పెట్టింది నేనే. బండికి దండ వేసి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించింది కూడా ఆ రోజే, చక్రాలకు ఏ కీడూ రాకూడదని. మరుసటి రోజు పని ఉంది కాబట్టి కొడవళ్లు చేనికి పోయాయి. పానా నేను తీయబోతే అత్త వద్దంది. బొట్టు పెట్టినదాన్ని మళ్లీ ఆ మురికి డబ్బాలో వేస్తారా, పున్నమి దాటనీ అంది. సరేనన్నాను.

అత్త చేనికి పోయి ఇంటికి తాళం పడింది కాబట్టి మా ఆయన రాప్తాడులో ఉన్న స్నేహితుడికి ఫోన్ చేశాడు. అరగంటలో పానా తెస్తానన్నాడు అతను. ఆ అరగంట కోసం నిలబడ్డాం. ఒక్క చెట్టు లేదు. బండి నీడలో కూర్చుని సీసాలో నీళ్లతో కొంగు తడిపి చిన్నోడి నుదురు, చంకలు తుడుస్తూ ఉన్నాను. మా ఆయన కటింగ్ ప్లేయర్‌తో నట్టు పట్టుకుని తిప్పబోయాడు. జారి వేళ్లు చెక్కుకుపోయాయి. అంబులెన్సుకు చేద్దామంటే, జ్వరానికి అంబులెన్సేంది, ఊర్లో నవ్వుతారన్నాడు.

ఊరి వైపు పోతున్న ఒకాయన బండి ఆపాడు. ఆయన సంచిలో ఉన్నదీ చిన్న పానాలే. హ్యాండిల్‌కు కట్టిన నిమ్మకాయలు, మిరపకాయలు చూసి, “ఏమన్నా, ఇవన్నీ కట్టినావు, పానా ఒకటి పెట్టుకోలేక పోయినావా?” అన్నాడు. మా ఆయన నవ్వాడు. ఇద్దరూ కాసేపు నిలబడి బండ్ల గురించి, ఈ ఏడు కాయ పట్టని చేల గురించి మాట్లాడుకున్నారు. నా ఒళ్లో వాడి కళ్లు సగం మూతపడి ఉన్నాయి.

గంట దాటింది. స్నేహితుడు ఫోన్ ఎత్తలేదు. పీకకుండా వదిలేసిన వేరుశనగ చేలో గొర్రెలు మేపుతున్న ఒక పెద్దామె దగ్గరికి వచ్చి, పిల్లోడి కడుపు మీద చెయ్యి పెట్టి చూసింది. తన డబ్బాలో నీళ్లు మా సీసాలో పోసింది. మా ఆయన్ను ఒకసారి, బండిని ఒకసారి చూసింది.

“ఆ బండి యాడికీ పోదులేమ్మా. దానికి కాపలా ఉండాడు గదా. నువ్వు పిల్లోన్ని ఎత్తుకోని నడువు.”

ఎంత తేలిక మాట. నా అంతట నాకు ఎందుకు తోచలేదో ఇప్పటికీ తెలియదు. నువ్వు కూడా రా, బండి వదిలెయ్ అన్నాను. ముళ్ల కంపల్లో బండి వదిలితే సాయంత్రానికి ఉంటుందా అన్నాడు. నేను చిన్నోణ్ణి భుజాన వేసుకున్నాను. పెద్దది సీసా, మందుల సంచి పట్టుకుంది. వెనక్కి తిరిగి చూడలేదు.

రెండు కిలోమీటర్లు నడిచి ఉంటాం. నా భుజం మీద వాడి మెడ ఒక్కసారిగా బిగిసింది. రోడ్డు అంచున పడుకోబెట్టి పక్కకు తిప్పాను. డాక్టరు చెప్పినట్టు నోట్లో ఏమీ పెట్టలేదు. చేతులూ కాళ్లూ కొట్టుకున్నాయి. పెదవులు నల్లబడ్డాయి. ఎంతసేపో చూద్దామంటే ఫోన్ కూడా ఆయన దగ్గరే ఉంది. పెద్దది ఏడవలేదు. సీసా మూత తీసి పట్టుకుని నిలబడింది. నీళ్లన్నీ దాని కాళ్ల మీద ఒలికిపోతున్నా దానికి తెలియలేదు. ఒళ్లు మెత్తబడి వాడు ఊపిరి లాగిన తర్వాత, గడ్డి వేసుకుని పోతున్న ఆటో ఒకటి వచ్చి ఆగింది. ఆ గడ్డి మీదే అనంతపురం దాకా పోయాం.

సాయంత్రానికి జ్వరం దిగింది. ఇంకో అరగంట ముందు రావాల్సిందమ్మా అంది డాక్టరు. మా ఆయన ఐదింటికి బండి మీదే ఆసుపత్రికి వచ్చాడు. స్నేహితుడు ఎట్టకేలకు పానా తెచ్చాడట. నట్టు విప్పడం ఐదు నిమిషాలు కూడా పట్టలేదట. చెక్కుకుపోయిన వేళ్లు నాకు చూపించాడు. ఇంటికి వచ్చాక అత్త చిన్నోడి నుదుట కుంకుమ పెట్టి, పూజ చేసినాం కాబట్టే అమ్మవారు పిల్లోన్ని దక్కించిందని వీధిలో నలుగురికీ చెప్పింది. మా ఆయన తలూపాడు.

ఇది జరిగి పది రోజులైంది. పిల్లలు పడుకున్నాక రాస్తున్నాను. రాస్తూ రాస్తూ లేచి వాడి మెడ మీద చెయ్యి పెట్టి చూసి వస్తున్నాను. పైన చక్రం జారడంతో మొదలుపెట్టాను, అది సరిదిద్దాలి. నాకు భయం మొదలైంది చక్రం జారినప్పుడు కాదు. ఆ పొద్దున ఇంటి ముందే, మందుల సంచి బండికి తగిలిస్తుంటే పక్క డబ్బా మూత చేతికి తగిలి తెరుచుకుంది. పానా లోపల లేదని అప్పుడే గుర్తొచ్చింది. దేవుని మూల అక్కడికి పది అడుగులు. ఆయన హారన్ కొడుతున్నాడు. నేను ఎక్కి కూర్చున్నాను.

ఆసుపత్రి నుంచి వచ్చిన మరుసటి పొద్దున దేవుని మూలలో పానా తీసి, కుంకుమ తుడిచి, గుడ్డలో చుట్టి డబ్బాలో పెట్టాను. పున్నమి రేపే గదా అంది అత్త వెనక నుంచి. పిల్లలిద్దరినీ గడప మీద కూర్చోబెట్టాను. చిన్నోడు బిస్కెట్ నములుతున్నాడు, వాడికి ఏమీ గుర్తు లేదు.

“నిన్న మనం పోయేటప్పుడే నేను చూసినా. బండిలో పానా లేదని నాకు తెలుసు. తెలిసే ఎక్కినా.”

పెద్దది నా వైపు తిరిగింది. “మరి నాయనకు ఎందుకు చెప్పలేదు?”

మా ఆయన తొట్టి దగ్గర పళ్లు తోముకుంటున్నాడు. బ్రష్ చప్పుడు ఆగింది.

“నవ్వుతాడని” అన్నాను.