మంద నడిచిన దారిలో బక్కమ్మ

పర్వతాలుకు నోట్లో నువ్వుగింజ నానదని అచ్చంపేట గొల్లవాడలో పసిపిల్లలకు కూడా తెలుసు. ఏటా పుష్యమాసంలో రెండు వందల గొర్రెలను తోలుకుని నల్లమల దాటి, ఆంధ్రలో సముద్రపు ఒడ్డు దాకా నడిచి, తొలకరి పడ్డాక తిరిగొచ్చేవాడు. వచ్చినవాడు ఊరుకుంటాడా? నెల రోజులు అరుగు మీద కూర్చుని ఒకటే ముచ్చట్లు. దోర్నాల కాడ చిరుత మీదికి గొంగడి విసిరి తరిమిన వైనం, సముద్రం నీళ్లకు మూతి పెట్టి గొర్రెలు తుమ్మిన వైనం. చెప్పిందే చెప్పినా కొత్తగా చెప్పేవాడు, మహానుభావుడు. అలాంటి మనిషి ఒక్క మాటను ఇరవై రెండేళ్లు కడుపులో దాచాడంటే ఎవరు నమ్ముతారు? ఆయన కడుపులో ఏదీ ఆగదని అందరికంటే పెళ్లాం బక్కమ్మకే బాగా తెలుసు.

బక్కమ్మ ఆ దారి ఎన్నడూ చూడలేదు. ముట్టయ్యే ఆడది మందతో నడవకూడదని వాళ్ల కట్టుబాటు. ఆమె నీడ పడితే గొర్రెలకు రోగమొస్తుందని, దొడ్డికి దొడ్డే ఊడ్చుకుపోతుందని పెద్దలు చెప్పేవారు. దారిలో గంజి కాయడానికి ముట్లుడిగిన ముసలమ్మనో, ఇంకా పెద్దమనిషి కాని ఆడపిల్లనో తీసుకుపోవాలి. చాలా ఏళ్లు పర్వతాలుకు వాళ్లమ్మే వండిపెట్టింది. ఆ ముసలామె కాలం చేసిన ఏడు, పన్నెండేళ్ల పెద్దబిడ్డ అండాలును బడి మాన్పించి పంపారు. తొలకరికి గొర్రెలన్నీ తిరిగొచ్చాయి. అండాలు రాలేదు.

"అడవిల జరమొచ్చింది. దవాఖాన అందలే. ఆడ్నే మన్నుల వెట్టి వచ్చిన," అన్నాడు పర్వతాలు వాకిట్లో నిలబడి. నోటి నిండా ముచ్చట్లతో వచ్చే మనిషి ఆ ఏడు ఇంతకంటే ఒక్క మాట ఎక్కువ చెప్పలేదు.

ఆనాటి నుంచి ఆ ఇంట్లో కాపురం ఎట్లా సాగిందో దేవుడికే తెలియాలి. బక్కమ్మ కంచం ముందర పెట్టేది గానీ ముఖం చూసేది కాదు. కూరలో ఉప్పు దగ్గర మొదలైన కొట్లాట కూడా అక్కడికే వచ్చి ఆగేది. "నా బిడ్డను అడవిల పారేసొచ్చినోనివి, నువ్వు నాకు చెప్తవా?" అనేది. ఆ మాట పడగానే పర్వతాలు గొంగడి దులిపి భుజాన వేసుకుని బయటికి నడిచేవాడు. గొల్లవాడంతా ఆమె పక్షమే. తప్పు చేశాడు కాబట్టే నోరు మెదపడం లేదని ఆమె అనుకునేది. కాదని ఎవరూ అనలేదు.

తెలంగాణ వచ్చిన ఐదారేళ్లకు ఆయన మోకాళ్లు అరిగిపోయాయి. మందను అమ్మేసి, పాత ట్రాలీ ఆటో ఒకటి కొని, అచ్చంపేట మార్కెట్‌కు పల్లికాయ, పత్తి తోలడం మొదలుపెట్టాడు. బక్కమ్మకు ముట్లు ఆగి అప్పటికే కొన్నేళ్లయింది. మందతో పోవడానికి ఆమెకు అడ్డు లేకుండా పోయేసరికి అసలు మందే లేదు. నవ్వాలో ఏడవాలో!

రెండు వేల ఇరవై మూడు జనవరిలో ఒకరోజు పొద్దున, జొన్నరొట్టె కొడుతూ కొడుతూ ఆమె ఉన్నట్టుండి అంది. "ఇగ నేనెన్నొద్దులు ఉంట? నా బిడ్డను వెట్టిన జాగ ఒక్కసారి చూపియ్యి. మళ్ల నిన్నేం అడుగ."

పర్వతాలు చాయ్ గ్లాసు కింద పెట్టాడు. "శానా దూరం గదనే."

"ఆటో ఉన్నది గద."

"తొవ్వ గుర్తుంటదో లేదో..."

"చిరుతపులికి ఎన్ని మీసాలున్నయో గుర్తున్నది నీకు. బిడ్డ బొంద గుర్తులేదా?"

ఇంకేమంటాడు! ఆటో ట్రాలీలో వరిగడ్డి పరిచి, గొంగళ్లు వేసి, పైన తాడిపత్రి కప్పు కట్టాడు. బియ్యం, జొన్నపిండి, కారం, రెండు గిన్నెలు సర్దుకున్నారు. పొయ్యికి మూడు రాళ్లు ఏ ఊళ్లోనైనా దొరుకుతాయి. కొడుకు గిరికి అది చూసి నవ్వొచ్చింది. "హైదరాబాద్ పోరగాండ్లు గిట్ల గుడారాలేసుకొని తిరిగేతందుకు వేలకు వేలు పెడుతున్నరు బాపూ. మీరు ఫికర్ లేకుంట మజా చేసి రాండ్రి," అన్నాడు. బక్కమ్మ ఒక గుడ్డలో పసుపు, కుంకుమ, డజను చిన్న గాజులు, పన్నెండేళ్ల పిల్లకు సరిపోయే ఆకుపచ్చ లంగా మూట కట్టుకుంటోంది. మజా అట మజా!

మన్ననూరు దగ్గర అడవి గేటు పొద్దున ఆరింటికి తీస్తారు. అప్పటికే వీళ్ల ఆటో ముందు వరుసలో ఉంది. గేటు దాటగానే రెండు పక్కలా అడవి, చెట్ల మధ్య నుంచి పొగలాగా లేస్తున్న మంచు, రోడ్డుకు అడ్డంగా కూర్చుని పేలు చూసుకుంటున్న కోతులు. కార్లలో వచ్చినవాళ్లు ఆగి ఫోటోలు తీసుకుంటున్నారు. అడవి కంటపడేసరికి పర్వతాలుకు నోరాగలేదు. ఇగో ఈడ మంద ఆపేటోళ్లం, ఆ వాగుల నీళ్లు ఎండకాలం గూడ ఇంకయి అని ఒకటే చెప్పుకుపోతున్నాడు. బక్కమ్మ ముందు సీటులో ఇరుక్కుని కూర్చుని రోడ్డునే చూస్తోంది.

"గింత దూరం నడిచిందా నా బిడ్డ?" అంది.

"నడిచింది. బతుకమ్మ పాటలు పాడుకుంట నడిచింది. గొర్రెపిల్ల కాళ్లు నొస్తయని సంకలెత్తుకునేది."

బక్కమ్మకు ఒళ్లు మండింది. ఇరవై రెండేళ్లలో బిడ్డ గురించి ఆయన నోటి నుంచి విన్న మొదటి ముచ్చట అది. ఇంత మాట దగ్గర పెట్టుకుని ఇన్నేళ్లు నాకు పెట్టలేదే అనుకుంది. కన్నీళ్లు ఆగక కొంగు నోట్లో కుక్కుకుంది.

శ్రీశైలం దాటి దోర్నాల వైపు దిగుతుంటే ఒక మలుపు దగ్గర ఆయన ఆటో ఆపాడు. రోడ్డుకు ఇరవై అడుగుల లోపల నల్లమద్ది చెట్టు, దాని కింద రాళ్ల కుప్ప. "గీడనే," అన్నాడు. అన్నది ఆ చెట్టు వైపు చూసి కాదు, రోడ్డు వైపు చూసి. బక్కమ్మకు అది పట్టలేదు. రాళ్ల మీద పడి గుండెలు బాదుకుంటూ ఏడ్చింది. పసుపు చల్లింది, బొట్లు పెట్టింది, లంగా పరిచి దాని మీద గాజులు పేర్చింది. పర్వతాలు ఆటో దగ్గరే నిలబడ్డాడు.

దోర్నాల దాటాక మామిడితోట పక్కన పొద్దు ఉండగానే ఆగి పొయ్యి పెట్టారు. ఆమె పచ్చిపులుసు చేసింది. ఎన్నో ఏళ్లకు కడుపు నిండా తిన్నది. అంతేకాదు, ఆయన కంచంలో ఇంకో గరిటె వేసి, ముఖంలోకి చూసి "తిను" అంది.

"అయిపాయె. మనసు తేలికైంది. రేపు పొద్దుగాల ఇంటికి మళ్లుదాం," అంది.

ఆయన చెయ్యి కడుక్కున్నాడు. "సముద్రం దాంక పోదాం బక్కీ," అన్నాడు చివరికి.

"నాకెందుకు సముద్రం?"

"జర నా మాటిను. ఒక్కసారి."

బక్కీ అని ఆయన పిలిచి ఎన్నేళ్లయిందో ఆమెకే గుర్తులేదు. సరే అంది. మార్కాపురం, పొదిలి, ఒంగోలు. మిరప తోటలు, పొగాకు పొలాలు, ఇంకో రాత్రి రోడ్డు పక్కన తాడిపత్రి కింద పడక. మూడో రోజు మధ్యాహ్నానికి ఉప్పుగాలి తగిలింది, కొత్తపట్నం దాటాక సముద్రం కనబడింది. బక్కమ్మ చూసింది. ఈ ఒక్క విషయంలో మొగుడు కోతలు కొయ్యలేదని ఒప్పుకోక తప్పలేదు.

అయితే ఆయన ఆటోను సముద్రం దగ్గర ఆపలేదు. ఇసుక బాటలోకి తిప్పి, సరుగుడు తోటల మధ్య నుంచి పోయి, ఒక పెంకుటింటి ముందు ఆపాడు. వాకిట్లో డెబ్బయ్యేళ్ల మనిషి వేరుశనక్కాయలు ఎండబోస్తోంది. ఆమె పేరు పుష్పమ్మ.

"ఎవురయ్యా అది?"

"నేనమ్మా, పర్వతాలును. అచ్చంపేట గొర్లోన్ని."

"ఓరి నీ దుంపతెగ! ఎన్నేళ్లకి కనబడ్డావయ్యా!" అని దగ్గరికొచ్చి, బక్కమ్మను చూసి ఆగిపోయింది. "ఈమె... ఆ పిల్ల తల్లా?" అంటూ బక్కమ్మ రెండు చేతులూ పట్టుకుంది. "రామ్మా, చూద్దువుగాని. రాయి అట్టానే ఉంది. మా పిల్లలు తోట కొట్టేస్తామన్నా ఆ మూల మాత్రం ముట్టుకోనివ్వలా. కార్తీకంలో దీపం పెడతన్నా."

"ఏ రాయమ్మా?"

"నీ బిడ్డదేనమ్మా."

"నా బిడ్డ అడవిల ఉన్నది గద! మొన్ననే..." అంటూ బక్కమ్మ మొగుడి వైపు తిరిగింది. పర్వతాలు ఆటో చక్రం పక్కన చతికిలబడి తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకున్నాడు. ఆ అడవిలో ఉన్నది వట్టి రాళ్ల కుప్పేనని ఆయన చెప్పకుండానే ఆమెకు తెలిసిపోయింది.

పుష్పమ్మకు వీళ్ల మధ్య ఏం నడిచిందో తెలియదు పాపం. జరిగింది జరిగినట్టు చెప్పేసింది. ఆ ఏడు ఎరువు కోసం పర్వతాలు మందను తమ పొలంలో పెట్టించుకున్నారట. అండాలు ఇక్కడే పెద్దమనిషి అయిందట. మందకు దూరంగా పోయి సరుగుడు తోటలో ఒక్కతే కూర్చుందట. రెండో రోజు పొద్దున పుష్పమ్మ అన్నం పట్టుకుపోయేసరికి పాము కరిచి, ఒళ్లు చల్లబడి ఉందట.

బక్కమ్మ చివరిదాకా వినలేదు. పోయి మొగుడి అంగీ పట్టుకుని లేపింది. "గొర్లు సస్తయని నా పిల్లను తోటల పారేసినవా? బిడ్డ కన్న నీకు గొర్లెక్కువైనయా? జరమని చెప్తివి, అడవని చెప్తివి. ఉత్త రాళ్ల మీద నన్ను ఏడిపిస్తివి! నువ్వు మనిషివేనా?" చెంపలు వాయించింది. ఆయన ఒక్క దెబ్బకూ చెయ్యి అడ్డం పెట్టలేదు.

పుష్పమ్మే మధ్యలోకొచ్చి విడదీసింది. "ఆయన్ని అనమాకమ్మా, పాపం తగులుద్ది. గొర్రెలు పోతే పోయాయి, గుడారం కాడికి రామ్మా అని ఈయన ఆ పిల్ల కాళ్లు పట్టుకున్నాడు, నా కళ్లతో చూశా. నేనూ మా ఇంట్లోకి రమ్మన్నా. వింటేనా! ‘గొర్ల గంటలు ఇనబడే కాడ కూసుంటే మా అమ్మ సచ్చిపోతది. అమ్మ తల మీద చెయ్యి వెట్టి ఒట్టేసిన’ అని ఒకటే ఏడుపు. దగ్గరికొస్తే ఇంకా లోపలికి పరిగెత్తేది. అంత భయం పెట్టి ఎట్టా పంపావమ్మా?"

బక్కమ్మ చేతులు కిందికి జారాయి. ఆమెకు గుర్తొచ్చింది. గుర్తు రాకపోయినా బాగుండేది. మంద కదిలే ముందు రోజు పిల్లకు నూనె రాసి, జడ వేసి, ఆ చిన్న చెయ్యి తీసుకుని తన నెత్తి మీద పెట్టుకుంది. "తొవ్వల నువ్వు పెద్దమనిషైతే గొర్ల గంటలు ఇనబడనంత దూరం పోయి కూసోవాలె. ఎవరు పిలిచినా రావద్దు. వస్తే నేను సస్త," అని ఒట్టు వేయించుకుంది. భయపెడితే తప్ప పిల్లలు వినరని ప్రతి తల్లీ అనుకున్నట్టే అనుకుంది. అట్లాంటి ఒట్లు రోజుకు పది వేయించుకునేది. బెల్లం ముట్టనని, చెరువుకు పోనని. అండాలు వాటిలో సగం పొద్దుగూకేలోపే తప్పేది. ఈ ఒక్కటి నిలబెట్టుకుంది.

"నాకెందుకు చెప్పలే?" అంది బక్కమ్మ.

"చెప్తే బతుకుదువా?"

"ఇరవై రెండేండ్లు నిన్ను తిట్టరాని తిట్లు తిడితిని గద!"

"నన్ను తిట్టుకుంటనైనా బతికినవ్ గద," అన్నాడు పర్వతాలు. "మొన్న ఉత్త రాళ్లకు నువ్వు గాజులు వెడుతుంటే సూడలేకపోయిన. బిడ్డకు అందకపాయె అనిపిచ్చింది. అందుకే తోలుకొచ్చిన."

సరుగుడు తోట మూలన, పొలం గట్టును ఆనుకుని ఉంది రాయి. మోకాలెత్తు నల్లరాయి, పాత పసుపు మరకలతో. బక్కమ్మ దాని ముందు కూర్చుంది. పెట్టడానికి చేతిలో ఏమీ లేదు. ఏడుపు కూడా రాలేదు. చాలాసేపటికి కొంగు తీసి, నెరిసిన నెత్తి మీద ఎక్కడైతే ఆనాడు పిల్ల చెయ్యి పెట్టించుకుందో అక్కడ తన అరచెయ్యి ఆనించింది. ఆ చెయ్యిని అట్లాగే తీసి పక్కనున్న గట్టు మన్ను మీద పెట్టి గట్టిగా అదిమింది.

"ఒట్టు దీసి గట్టు మీద పెట్టిన బిడ్డా," అంది. "నాకేం గాదు. ఇగ దగ్గరికి రా."